నర్సింగం పెట్టె మీది ఆకుపచ్చ దీపం

గోదావరిఖనిలో బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. ఆ బాయిలోకి మనుషుల్ని దించి మళ్లీ పైకి చేర్చే ఇంజను నర్సింగం చేతిలో ఉండేది. మనుషులెక్కే ఇనుప గూడును కేజ్ అంటారు. దాని పైకప్పు మీద నిండు కప్పు చాయ్ పెడితే అడుగుకు చేరేదాకా చుక్క ఒలికేది కాదని, కింద పని చూసే సర్దార్ ఆ చాయ్ తాగి ఖాళీ కప్పు పైకి పంపేవాడని కార్మికులు చెప్పుకునేవాళ్లు. చాయ్ మీద మీగడ కూడా చెదిరేది కాదని ఇంకొందరు కలిపేవాళ్లు. ఇందులో సగమైనా నిజం ఉండే ఉంటుంది. ఎందుకంటే కొత్తగా పెళ్లైన కుర్రాళ్లు నర్సింగం డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ తమ షిఫ్టు మార్పించుకునేవాళ్లు.

ఇంజను గదిలో కూర్చున్నవాడికి కేజ్ కనపడదు, అందులోని మనుషులూ కనపడరు. వినపడేవి గంటలే. కింద నుంచి మూడు గంటలు మోగితే మనుషులు ఎక్కబోతున్నారని అర్థం. మోగీ మోగగానే ఇంజను లాగకూడదు. ఇంజను గదిలో వాడు కూడా మూడు గంటలు తిరిగి కొట్టాలి. ఆ తిరుగు గంట చెవిన పడితే తప్ప కింద ఎవడూ కేజ్‌లో కాలు పెట్టడు. పని నేర్పిన ముసలి డ్రైవరు మొదటిరోజే చెవి మెలేసి చెప్పిన మాట అది. నర్సింగం ఆ మాటను ఎంతగా ఒంటపట్టించుకున్నాడంటే, పెళ్లిచూపుల్లో సారవ్వ తల ఊపినా చాలక, నోటితో "సరే" అనేదాకా లేవలేదట.

అతనికి రేడియో పిచ్చి పట్టించినవాడు బాయిలో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా ఉన్న విశ్వేశ్వరరావు. తూర్పు గోదావరి మనిషి. ఆఫీసర్ల బంగ్లాలో కూర్చుని, హామ్ రేడియో లైసెన్సు తీసుకుని, ఊళ్లూ దేశాలూ దాటి ముక్కూమొహం తెలియని వాళ్లతో రేడియోలో కబుర్లాడేవాడు. ఫ్యాను బాగుచేయడానికి వెళ్లిన నర్సింగం ఒక సాయంత్రం ఆ కబుర్లు విన్నాడు. ఫ్యాను ఆ రోజు తిరగలేదు. తర్వాత నాలుగేళ్లకు అతనూ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. విశ్వేశ్వరరావు రిటైరై సొంతూరు వెళ్లిపోతూ తన పాత సెట్టు అతనికే ఇచ్చాడు. వెళ్లాక కూడా మరిచిపోకుండా మరో పెట్టె పంపించాడు. అది ఆటోమేటిక్ యాంటెన్నా ట్యూనర్.

సెట్టుకు తగ్గ కొలతలో యాంటెన్నా తీగ కట్టాలంటే ఆఫీసర్ల బంగ్లా అంత జాగా కావాలి. రెండు గదుల కంపెనీ క్వార్టర్లో ఆ జాగా ఎక్కడిది? కిటికీలోంచి వెనకున్న వేపచెట్టుదాకా ఎంత పడితే అంత తీగ లాగాడు. సెట్టుకు ఆ తీగకు పొసగదు. అప్పుడు మధ్యలో ఈ పెట్టె కూర్చుంటుంది. మాట్లాడే మీట నొక్కితే లోపల టకటకమని ఏవేవో కలిపి, విప్పి, మళ్లీ కలిపి చూసుకుంటుంది. పొత్తు కుదిరిందనిపిస్తే ఆకుపచ్చ దీపం వెలిగిస్తుంది. ఇక మాట్లాడుకోవచ్చు.

పెట్టె చేరిన రోజు విశ్వేశ్వరరావు రేడియోలో చెప్పాడు. "ఇది పెళ్లిళ్ల పేరయ్య లాంటిది నర్సింగం. ఏ తీగనైనా సెట్టుకి ఒప్పించేస్తుంది. మీ ఆవిడ బట్టలారేసే దండెం కట్టినా సరేనంటుంది. తర్వాత కాపురం ఎలా ఉందో మాత్రం అడగదు, గుర్తుపెట్టుకో."

నర్సింగం పడీపడీ నవ్వాడు. పేరయ్య మాట గుర్తుంది. కాపురం మాట మరిచిపోయాడు.

రెండువేల ఆరు జూలై ఆఖర్లో కోతులొచ్చి తీగతో ఉయ్యాలలూగి, దాన్ని పట్టి ఉంచే పింగాణీ బుడిపెల్ని రెండు వైపులా పగలగొట్టాయి. తీగ గోడకూ చెట్టుకూ తగలకుండా ఏదో ఒకటి మధ్యలో ఉండాలి. సారవ్వ తమ్ముడు ఎల్లేశంది బాయిలో బొగ్గు మోసే బెల్టు దగ్గర పని. అతను అరిగిపోయిన బెల్టు ముక్కలు రెండు తెచ్చిచ్చాడు. ఇందులో వింతేం లేదు. ఆ కాలనీలో గడప ముందు కాళ్లు తుడుచుకునే పట్టా బెల్టు ముక్కే, స్నానాల గది తలుపు కీలు బెల్టు ముక్కే, తెగిన చెప్పుకు అతుకూ అదే. అక్కడ పుట్టిన పిల్ల మొదటి అడుగు నేలమీద కాదు, బెల్టు మీద వేస్తుంది. రబ్బరు కదా, రబ్బరులో కరెంటు పారదు కదా అనుకుని నర్సింగం ఒక ముక్కను కిటికీ ఇనుప చువ్వలకూ, ఇంకొకదాన్ని వేపకొమ్మకూ బిగించి తీగ లాగాడు. మీట నొక్కాడు. టకటక. ఆకుపచ్చ దీపం వెలిగింది.

అంతకు ముందురోజే, కోతులు రాకమునుపు, విశ్వేశ్వరరావుతో మాటామాటా వచ్చింది. గోదావరి నీళ్ల సంగతి ఎత్తి, "మా ఇంటెనక నుంచి పారే నీళ్లు మీ పొలాలకే ఎందుకు మర్లుతయి సార్?" అన్నాడు నర్సింగం. "రేడియోలో రాజకీయాలు వద్దు" అని ఆయన కొంచెం కటువుగానే తుంచేశాడు. తీగ కట్టిన మర్నాటి నుంచి నర్సింగం పిలిస్తే పలికే నాథుడు లేడు. ఆయనా పలకలేదు, ఆయన చుట్టూ పొద్దున్నే చేరే కోస్తా మిత్రులూ పలకలేదు. వాళ్ల మాటలన్నీ ఇతనికి గంట కొట్టినట్టు వినపడుతూనే ఉన్నాయి. వారం గడిచింది. నర్సింగానికి అర్థమైపోయింది, లేదా అర్థమైందనుకున్నాడు. అందరూ కలిసి వెలేశారు.

అప్పుడు మొదలైంది ముసురు. గోదావరిఖనిలో వాన నల్లగా కురుస్తుంది, చూరు నుంచి జారేది నీళ్లా సిరానా తెలియదు. ఆ ఆగస్టులో కప్పలు కూడా బెకబెకలు మానేసి మెట్లెక్కి గడపల్లో కూర్చున్నాయి. గోదావరి కింది ఊళ్లన్నిటినీ కమ్మేస్తోందని రేడియో చెబుతోంది.

నర్సింగం కూతురు శోభ ఆ కింది ఊళ్లలోనే ఉంది. సన్నరేవు అనే గూడెంలో నర్సు ఉద్యోగం. ఒకరోజు పొద్దున్నే పక్క క్వార్టరు లస్మవ్వ ఇంట్లో ఫోను మోగింది.

"బాపూ, నువ్వు మాట్లాడకు, విను. లైను ఎప్పుడు పోతదో తెల్వది. ఊరోళ్లంత గుట్ట మీదికి పోయిండ్రు. నాకాడ నిన్న పురుడైన పిల్ల ఉన్నది, లేవలేదు. కన్నయ్య అని ముసలాయన ఉన్నడు, నడవలేడు. మేం బడి స్లాబు మీదికి ఎక్కుతున్నం. పడవ పంపుమని ఎవలకన్న జెప్పు."

"నువ్వు గుట్టకు పో బిడ్డా, నీ కాళ్లు మొక్కుత..."

"బాలింతను ఇడిసిపెట్టి పోతనా? నువ్వు కేజ్‌ల మనుషులను ఉంచి ఇంటికొస్తవా?"

అంతే. ఆ తర్వాత ఫోనులో చప్పుడు లేదు.

నర్సింగం తడుస్తూ ఠాణాకు ఉరికాడు. అది తమ జిల్లా కాదని, అయినా పైకి చెబుతామని అన్నారు. అటువైపు ఫోన్లు చచ్చిపోయాయి, బస్సులు ఆగిపోయాయి, రోడ్లు తెగిపోయాయి. ఇంటికొచ్చి సెట్టు ముందు కూలబడ్డాడు. సారవ్వ తలుపు పట్టుకుని నిలబడింది.

రేడియోలో వరద కబుర్లే. సహాయ శిబిరంలో నాని అనే కుర్రాడు సెట్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఏ ఊరికి పడవ కావాలో అన్ని వైపుల నుంచీ సేకరించి అతనికి చెబుతున్నది విశ్వేశ్వరరావు.

"సన్నరేవు ఖాళీ అయిపోయిందండీ" అంటున్నాడు నాని. "ఊరు మొత్తం గుట్ట మీదకెళ్లిపోయారని కబురొచ్చింది. అటు పడవ అక్కర్లేదు."

"సరే నానీ, ఆ పడవని కింద లంకలకి పంపమను."

సారవ్వ గుండెలు బాదుకుంది. "అయ్యో, ఖాళీ గాలేదు! చెప్పయ్యా, జల్ది చెప్పు!"

ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరాలంటే "బ్రేక్" అనాలి. నర్సింగం మీట నొక్కాడు. టకటక. ఆకుపచ్చ దీపం. "బ్రేక్, బ్రేక్! సన్నరేవు ఖాళీ గాలేదు! బడి స్లాబు మీద మనుషులున్నరు!"

మీట వదిలి చెవి రిక్కించాడు. నాని బియ్యం బస్తాల గురించి మాట్లాడుతున్నాడు.

మళ్లీ అరిచాడు. మళ్లీ బియ్యం బస్తాలే. తర్వాత మందులు, తర్వాత పాలడబ్బాలు. నర్సింగం లైసెన్సుతో వచ్చిన తన కాల్ సైన్ చెప్పాడు, ఊరు చెప్పాడు, పేరు చెప్పాడు, కూతురి పేరు చెప్పాడు. తెలుగులో చెప్పాడు, వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. గొంతు చించుకుని అరిచాడు, చివరికి బతిమాలాడు. గాజుగోడ వెనక ఉన్నవాడిలా వాళ్ల ప్రతి దగ్గూ వినపడుతోంది. తన చావుకేక వాళ్లకు పట్టడం లేదు. మీట నొక్కినప్పుడల్లా పెట్టె మాత్రం అంతా బాగుందన్నట్టు ఆకుపచ్చగా నవ్వుతోంది. మధ్యాహ్నమైంది. చీకటి పడితే పడవలు కదలవని నాని ఎవరితోనో అన్నాడు.

"ఇనబడుతది" అన్నాడు నర్సింగం పళ్లు నూరుతూ. "ఇనబడుతది గని పలుకుతలేరు."

"ఎవలు?"

"ఇంకెవలు? ఆంధ్రోళ్లు. నీళ్ల ముచ్చట తీసిన గద, గందుకు పగబట్టిండ్రు."

సారవ్వ కొంగుతో మొహం తుడుచుకుని అతని ముందుకొచ్చి నిలబడింది. "మతుండే మాట్లాడుతున్నవా? శోభ పెద్ద జరంల పడ్డప్పుడు సారు భార్య చంద్రమతమ్మ తన కార్ల దవాఖానకు తీస్కపోలేదా? రాత్రంత కూసోలేదా? గామె మొగడు గా పిల్లనే నీళ్లల్ల ముంచుతడా? నీతోని లొల్లి ఉంటె నిన్ను తిడతడు గని!"

"మరి ఎందుకు పలుకడు?"

"నీ మాట అటు ముట్టినట్టు నీకెట్ల ఎర్క?"

"ఆకుపచ్చ బుగ్గ వెలిగింది గద."

"బాయిల ఉత్త బుగ్గ వెలిగితె మనుషులను కేజ్ ఎక్కిస్తవా? తిరుగు గంట లేంది కాలు పెట్టనియ్యవ్ గద! గీడ నీకు తిరుగు గంట ఎవడు కొట్టిండు?"

నర్సింగం మీట మీద నుంచి చెయ్యి తీశాడు. వారం రోజులుగా ఒక్క తిరుగు గంట లేదు. ఇంజను గదిలో అయితే ఇంతసేపు తిరుగు గంట రాకపోతే ముందు ఏమనుకునేవాడు? కిందివాళ్లు అలిగారనుకునేవాడా? గంట తీగ తెగిందనుకునేవాడు.

"ఇంకో ముచ్చట" అంది సారవ్వ. "వారం సంది నువ్వు మాట్లాడినప్పుడల్ల రబ్బరు కాలిన వాసనొస్తుందంటె, బొగ్గుల పొయ్యి వాసన అన్నవ్. ఇయ్యాల నేను పొయ్యే ముట్టియ్యలె."

నర్సింగం కళ్లు కిటికీ వైపు తిరిగాయి. "అక్కడ నిలబడు. ముట్టకు. నేను మాట్లాడుత, ఏమన్న కనపడుతదేమో చూడు."

మీట నొక్కి "బ్రేక్" అన్నాడు.

"ఏమయ్యో!" కేక పెట్టింది సారవ్వ. "బెల్టు మీద నీలం మిణుగురులు పాకుతున్నయ్! చువ్వల్లకు దిగుతున్నయ్!"

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. భద్రతా వారోత్సవాల్లో ఏటా చెప్పే మాటే. బాయిలో బెల్టు రబ్బరు మామూలు రబ్బరు కాదు. తిరిగి తిరిగి ఒంట్లో కరెంటు పుట్టి నిప్పురవ్వ లేస్తే బాయంతా అంటుకుంటుందని, పుట్టిన కరెంటు పుట్టినట్టే జారిపోవడానికి దానిలో మసి కలిపి తయారుచేస్తారు. నర్సింగం ప్రతి ఏడూ ముందు వరసలో కూర్చుని ఆ మాటకు తల ఊపాడు, మిఠాయి పొట్లం తీసుకుని ఇంటికొచ్చాడు. ఇప్పుడు ఆ బెల్టు మీద వాననీళ్లు, వాటి మీద బొగ్గుధూళి. అతని కేక ఆకాశానికి పోవడం లేదు. బెల్టు మీదుగా కిటికీ చువ్వల్లోకి, గోడలోకి, చెట్టులోకి ఇంకిపోతోంది. అవతలివాళ్ల మాట వినడానికి ఎంత కారే తీగైనా చాలు, తన మాట పంపడానికే చాలదు. పెట్టె తీగనూ, బెల్టునూ, తడిగోడనూ అన్నిటినీ కలిపి ఒక సంబంధంగా కుదిర్చి సరేనంది. కాపురం సంగతి అది అడగదని ముందే చెప్పారు.

"ఎల్లేశం!" అని సారవ్వ అరిచిన అరుపుకు ఎల్లేశం మూడు క్వార్టర్ల అవతల నుంచి ఊడిపడ్డాడు. పింగాణీ బుడిపెలు ఇప్పుడెక్కడ దొరుకుతాయి? గాజైనా చాలు. ఎల్లేశం స్నానాల గది వెనక బియ్యపు సంచి కింద దాచిన ఖాళీ సీసాలు అక్కకు ఎప్పటి నుంచో తెలుసు. రెండు తీసుకొచ్చి రాతి మీద కొట్టింది. మెడలు విరిగి వచ్చాయి.

"నా సీసలు ఒకనాడు పనికొస్తయని నేను జెప్పలె బావా?"

"ఫస్టు చెట్టెక్కురా సిగ్గులేనోడా, ఎక్కినంక మాట్లాడు!" అని అక్క తరిమింది.

వానలో వేపచెట్టు సబ్బు రాసినట్టు జారుతోంది. ఎల్లేశం రెండుసార్లు జారి, మూడోసారి పళ్లతో తీగ కరిచిపట్టి ఎక్కాడు. బెల్టు ముక్క కోసి పారేసి సీసా మెడ బిగించాడు. కిటికీ దగ్గర నర్సింగం రెండోది కట్టాడు. తొందరలో విరిగిన గాజు అరచెయ్యి కోసింది. గుడ్డ కూడా చుట్టుకోలేదు. వెలుతురు అప్పటికే బూడిదరంగుకు తిరిగింది.

మీట నొక్కాడు. పెట్టె టకటకలాడింది. ఆగలేదు. ఎండు మొక్కజొన్నలు నమిలినట్టు నములుతూనే ఉంది. అసలు తీగ ఒక్కటే మిగిలి, అదీ విప్పి కట్టడంలో మునుపటికన్నా పొట్టిదయ్యేసరికి దానికి పొత్తు కుదరడం లేదు. చివరికి అలిసిపోయి ఆగింది. దీపం వెలగలేదు.

"వెలుగలేదే సారవ్వా" అన్నాడు ఏడుపు గొంతుతో.

"దాని మొకం! నువ్వు పిలువు!"

దీపం వైపు చూడకుండా పిలిచాడు. "బ్రేక్, బ్రేక్. గోదావరిఖని నుంచి నర్సింగం."

గరగర. గరగర. ఆ గరగరలోంచి నాని గొంతు. "సార్, ఎవరో బ్రేక్ అంటున్నారు. చాలా సన్నగా ఉంది. గోదావరిఖని అన్నట్టుందండీ."

"అందరూ ఆగండి" అన్నాడు విశ్వేశ్వరరావు. "నర్సింగం! నువ్వేనా? ఏమైపోయావయ్యా ఇన్నాళ్లూ?"

"సార్, ఆ ముచ్చట తర్వాత. సన్నరేవు ఖాళీ గాలే. బడి స్లాబు మీద మా శోభ ఉన్నది. బాలింత, పసిపిల్ల, నడవలేని ముసలాయన ఉన్నరు. పడవ పంపుండ్రి. నేను జెప్పింది మళ్ల నాకు జెప్పుండ్రి."

"సన్నరేవు. బడి స్లాబు మీద శోభ, బాలింత, పసిబిడ్డ, నడవలేని ముసలాయన."

"ఇంకోపాలి సార్."

ఆయన ఇంకోసారి చెప్పాడు.

"ఇంకొక్కపాలి."

విశ్వేశ్వరరావుకు బాయి తెలుసు. ఎందుకని అడగకుండా మూడోసారి కూడా చెప్పాడు. అప్పుడు నర్సింగం మైకు మీద నుంచి చెయ్యి తీశాడు. మైకు పిడి నిండా నెత్తురు.

పడవ బయల్దేరిందని నాని చెప్పాడు. తర్వాత ఇక గరగరే. ముగ్గురూ ఆ గరగర వింటూ కూర్చున్నారు. సారవ్వ తెలిసిన దేవుళ్లందరినీ పిలిచి, వాళ్లు అయిపోయాక తెలియని దేవుళ్లకు మొక్కడం మొదలుపెట్టింది. ఎల్లేశం జన్మలో మొదటిసారి ఒక సాయంత్రమంతా మాట్లాడకుండా ఉన్నాడు. కిటికీ బయట వేపచెట్టు కనపడకుండా పోతున్న వేళకు నాని పలికాడు.

"నర్సింగంగారూ, మీ అమ్మాయి నర్సమ్మగారు క్షేమం అండీ. బాలింత, బిడ్డ కూడా క్షేమం. పడవ దిగారు."

సారవ్వ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. నర్సింగం ఏడవలేదు. తాను నలుగురి కబురు పంపాడు, ముగ్గురిదే తిరిగొచ్చింది.

"ముసలాయన?" అని అడిగాడు.

నాని గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నం దాకా మాట్లాడుతూనే ఉన్నాడటండీ. వానకి, చలికి... పడవ వెళ్లేసరికి లేడండీ."

విశ్వేశ్వరరావు మెల్లగా అన్నాడు. "నీ గొంతు వినపడకపోతే నీళ్ల మాటకి నువ్వే అలిగావనుకున్నాను నర్సింగం. సరే, నీ అంతట నువ్వే వస్తావులే అని నేనూ పిలవలేదు."

"నేను మీరు అలిగిండ్రనుకున్న సార్" అన్నాడు నర్సింగం.

నీళ్లు తీశాక శోభ ఇంటికొచ్చింది. తండ్రిని ఒక్క మాట అనలేదు. అతనే కన్నయ్య గురించి అడిగి అడిగి చెప్పించుకున్నాడు. "పడవొస్తదా నర్సమ్మా అని అడిగిండు బాపూ. మా బాపు రేడియోల జెప్తడు, తప్పక వస్తదన్న. అట్లయితె నన్ను ఆఖరుకు ఎక్కియ్యుండ్రి, పసిగుడ్డు ముందు పోవాలె అన్నడు. నవ్విండు కూడ."

ఆ రోజే నర్సింగం ఇంట్లో ఉన్న బెల్టు ముక్కలన్నీ ఏరి బయట పారేశాడు. గడప ముందు పట్టా, తలుపు కీలు, ఏదీ వదల్లేదు. వానాకాలం అయ్యేదాకా సారవ్వ బురదకాళ్లతోనే ఇల్లంతా తిరిగింది, స్నానాల గది తలుపును చేత్తో ఎత్తి మూసుకుంది, ఒక్కరోజూ సణగలేదు. పెట్టె మీది ఆకుపచ్చ దీపానికి నర్సింగం నల్లటేపు అంటించాడు. ఎవరైనా ఎందుకని అడిగితే, దాని చూపు మంచిది కాదని, కోడిగుడ్లు కూడా మురిగిపోతున్నాయని చెప్పేవాడు. కొందరు నమ్మి తమ గుడ్లు దూరంగా పెట్టుకున్నారు కూడా.

బాయిలో ఇంజను దిగి రిటైరయ్యాక సెంటినరీ కాలనీలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, అక్కడా వెనక గోడకు తీగ లాగాడు. మధ్యలో సీసా మెడలే. రాష్ట్రం వచ్చిన రోజు పొద్దున్న కాలనీ అంతా డప్పులు, రంగులు. నర్సింగం నెత్తిన గులాల్‌తోనే సెట్టు ముందు కూర్చుని మీట నొక్కాడు. పెట్టె టకటకలాడి ఊరుకుంది. టేపు కింద ఏం వెలిగిందో అతను చూడలేదు.

"విశ్వేశ్వరరావు సార్, నర్సింగం. నా మాట ముట్టిందా?"

"ముట్టింది నర్సింగం. ఇవాళ్టి నుంచి నీది వేరే రాష్ట్రం. శుభాకాంక్షలయ్యా."

"ముట్టిందా సార్?"

"ముట్టింది."

"ముట్టిందా?"

అవతల ఆ పెద్దాయనకు గొంతు సన్నబడింది, ఆయాసం కూడా పట్టుకుంది. అయినా ఊపిరి తీసుకుని మూడోసారి కూడా చెప్పాడు.